ఆలివ్ గ్రీన్ బట్టలు కుట్టినవాడు సభ్యుడా?

2005 చివర్లో ఒక సాయంత్రం నేను ఎనిమిది సంతకాలు పెట్టాను. మూడు పంచనామా కాగితాల మీద, ఐదు చిన్న తెల్ల చీటీల మీద. ఆ చీటీలను తర్వాత జప్తు వస్తువులకు అంటించారు. ఆ సంతకాల బలంతో నడిచిన కేసులో ఒక దర్జీ ఏడు నెలలు జైల్లో, మరో నాలుగేళ్లు కోర్టు వాయిదాల్లో గడిపాడు. అతని మీద మోపింది నిషేధిత సంస్థలో సభ్యుడనే నేరం.

అప్పుడు నేను అచ్చంపేట వైపు ఒక మండలంలో, ఎమ్మార్వో ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ఆ ఏడాది ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, వాళ్లతో ఉన్న ఇంకొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే ప్రభుత్వం పార్టీ మీద, దాని అనుబంధ సంఘాల మీద మళ్లీ నిషేధం పెట్టింది. ఏడాది కిందటే ఆ పార్టీ నాయకులు హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారు. చర్చల కాలంలో వాళ్లతో మాట్లాడినవాళ్లు, అన్నం పెట్టినవాళ్లు, ఉత్తరాలు రాసి ఇచ్చినవాళ్లు నల్లమల అంచు ఊళ్లలో ఎంతమందో. నిషేధం వచ్చేసరికి వాళ్లందరికీ ఒకటే టెన్షన్. నిన్న మాట్లాడింది ఇవాళ నేరమవుతుందా?

ఆ సాయంత్రం ఒక కానిస్టేబుల్ వచ్చి, "సారు రమ్మంటున్నడు, పంచనామా ఉంది, ఐదు నిమిషాల పని" అన్నాడు. వెళ్లాను. స్టేషన్ వరండాలో పాత పేపర్ పరిచి దాని మీద వస్తువులు పెట్టారు. ఆలివ్ గ్రీన్ గుడ్డ ఒక తాను, సగం కుట్టిన చొక్కాలు రెండు, ఎర్ర అట్ట నోట్‌బుక్, రబ్బరు బ్యాండు వేసిన కరపత్రాల కట్ట, మన్ననూరు బస్ టికెట్టు. మూలన గోడకు ఆనుకుని ఒకతను మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మెడలో కొలత టేపు ఇంకా అలాగే వేలాడుతోంది. మిషన్ మీద నుంచి లేపుకొచ్చినట్టున్నారు, ఆ టేపు తీయాలని అతనికీ తోచలేదు, వాళ్లకూ తోచలేదు. పంచనామా అప్పటికే రాసి ఉంది. అడవి దారిలో తనిఖీ చేస్తుంటే అనుమానాస్పదంగా తిరుగుతూ పారిపోబోయాడని, పట్టుకుని పంచుల, అంటే సాక్షుల, సమక్షంలో సోదా చేశామని, తాను ఫలానా దళానికి కొరియర్‌నని ఒప్పుకున్నాడని. ఆ పంచుల్లో ఒకడిని నేను. చదివాను. చదివి సంతకం పెట్టాను.

చదవకుండా పెట్టానని చెబితే నాకు కొంచెం సుఖంగా ఉండేది. చదివే పెట్టాను. అడవి దారిలో తిరిగే మనిషి మెడలో కొలత టేపు ఎందుకుంటుందని ఆ క్షణంలో నా బుర్రలో మెదిలింది కూడా. అయినా పెట్టాను. రోజూ ఆ స్టేషన్ ముందు నుంచే ఆఫీసుకు పోవాలి. ఊళ్లో అందరూ భయపడుతున్నారు, నేనూ భయపడ్డాను. పల్లెల్లో, చిన్న మండలాల్లో చాలా పంచనామాలకు దొరికేది నాలాంటి గవర్నమెంటు ఉద్యోగే. ఆ సంతకానికి కోర్టులో బరువు ఎక్కువ.

ఇప్పుడు రిటైరయ్యాను. మా అమ్మాయి నల్లగొండలో లాయరు, క్రిమినల్ కేసులు చూస్తుంది. ఆమె టేబుల్ మీద ఈమధ్య ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) పుస్తకం చూసి చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ ఆ వరండానే గుర్తొచ్చింది.

నాకు మొదట ఆశ్చర్యం వేసిందేమిటంటే, సభ్యుడంటే ఎవరో ఆ చట్టం ఎక్కడా చెప్పదు. 1967 నాటి చట్టం అది. ఉగ్రవాద సెక్షన్లు దానిలోకి వచ్చింది 2004లో, అప్పటిదాకా ఉన్న ఉగ్రవాద నిరోధక చట్టం పోటాను రద్దు చేసినప్పుడు. అందులో సభ్యత్వాన్ని నేరం చేసే సెక్షన్లు ముఖ్యంగా మూడు. పదో సెక్షన్ చట్టవ్యతిరేక సంఘంలో సభ్యుడిగా కొనసాగితే రెండేళ్ల వరకు శిక్ష అంటుంది. ఇరవయ్యో సెక్షన్ ఉగ్రవాద చర్యలో పాలుపంచుకున్న సంస్థలో సభ్యుడైతే యావజ్జీవం వరకు వేయొచ్చంటుంది. ముప్పై ఎనిమిదో సెక్షన్ కింద పదేళ్ల వరకు పడొచ్చు. ఉగ్రవాద సంస్థతో, దాని కార్యకలాపాలను ముందుకు తీసుకుపోవాలనే ఉద్దేశంతో, సంబంధం పెట్టుకున్నా, సంబంధం ఉందని చెప్పుకున్నా ఈ సెక్షన్ వర్తిస్తుంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌లోనూ ఇరవయ్యో సెక్షన్ లాంటి మాటే ఉంది, శిక్ష మళ్లీ యావజ్జీవం దాకా.

రహస్య సంస్థకు సభ్యత్వ రసీదు ఉండదు, రిజిస్టరు ఉండదు. కాబట్టి ఈ నేరాన్ని చుట్టుపక్కల ఉన్నవాటి నుంచే రుజువు చేయాలి. ఒప్పుకున్నాడనే మాట, ఇంట్లో దొరికిన కాగితం, ఎవరో చూశామన్న సాక్ష్యం. మన దగ్గర నడిచే కేసులు దాదాపు ఈ మూడింటి మీదే నిలబడతాయి.

ఒప్పుకోలు సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. పాత ఎవిడెన్స్ చట్టం 25వ సెక్షన్ అదే చెప్పింది, ఇప్పటి సాక్ష్య అధినియం 23వ సెక్షన్ కూడా అదే అంటోంది. ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకే తీసుకుంటారు. పోటా, అంతకుముందున్న అలాంటి చట్టమే టాడా కాలంలో పై స్థాయి పోలీసు అధికారి రాసుకున్న ఒప్పుకోలు చెల్లేది. ఉపాలో ఆ వెసులుబాటు లేదు. అయినా పంచనామాల్లో "ఒప్పుకున్నాడు" అనే మాట మాత్రం నేటికీ ఉంటుంది. చార్జిషీటు చదివే ప్రతివాడి చెవిలో ముందు ఆ మాటే పడుతుంది. ఆ రోజు నేను సంతకం పెట్టినదాంట్లోనూ ఉంది.

అసలు చిక్కంతా కాగితాల దగ్గర. కరపత్రం దొరికితే మనిషి సభ్యుడైపోతాడా? 2011లో డాక్టరు, హక్కుల కార్యకర్త బినాయక్ సేన్‌కు బెయిల్ ఇస్తూ సుప్రీంకోర్టు బెంచి, గాంధీ ఆత్మకథ ఇంట్లో ఉన్నంత మాత్రాన ఎవరైనా గాంధేయవాది అవుతారా అని అడిగింది. 2021 అక్టోబరులో కేరళ విద్యార్థులు అలన్ షుహైబ్, త్వాహా ఫసల్ కేసులో అదే కోర్టు ఇంకాస్త లోతుకు వెళ్లింది. వాళ్ల దగ్గర మావోయిస్టు కరపత్రాలు, బ్యానర్లు దొరికాయి. సంస్థతో సంబంధం ఉన్నట్టు కనిపించినా, ఆ సంస్థ పనిని ముందుకు నడిపే ఉద్దేశం ఉండాలని, అది లేకుండా 38వ సెక్షన్ పట్టదని జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఓకా చెప్పారు. 2023 జూలైలో భీమా కోరేగావ్ కేసు ముద్దాయిలు వెర్నాన్ గొన్సాల్వెస్, అరుణ్ ఫెరీరాలకు బెయిల్ ఇచ్చిన తీర్పులోనూ సాహిత్యం దగ్గర ఉండటమే ఉగ్రవాద నేరం కాదన్నారు.

అయితే వీటి పక్కనే ఇంకో తీర్పు ఉంది. 2011 ఫిబ్రవరిలో అస్సాంకు చెందిన అరూప్ భుయాన్ టాడా కేసులో సుప్రీంకోర్టు, ఊరికే సభ్యుడై ఉండటం నేరం కాదు, హింసకు దిగాలి లేదా హింసకు పురిగొల్పాలి అంది. పన్నెండేళ్ల తర్వాత, 2023 మార్చి 24న, ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. సంఘాన్ని చట్టవ్యతిరేకమని ప్రకటించాక, ఆ సంగతి తెలిసీ అందులో సభ్యుడిగా కొనసాగితే చాలు, పదో సెక్షన్ కింద నేరమేనంది. ఈ తీర్పు చూపించి ప్రతి సభ్యత్వ కేసులోనూ ఇక ఉద్దేశం రుజువు అక్కర్లేదని వాదించేవాళ్లు ఉన్నారట, మా అమ్మాయి చెప్పింది. అది తప్పు. పదో సెక్షన్ వేరు, ముప్పై ఎనిమిది వేరు. ముప్పై ఎనిమిదిలో "ఉద్దేశంతో" అనే మాట పార్లమెంటు రాసింది, ఏ కోర్టూ దాన్ని చెరిపేయలేదు.

సుప్రీంకోర్టు చెప్పిన ఈ మాట పోలీస్ స్టేషన్ వరండా దాకా రావాలి. నేను ఇంత రాస్తున్నది దానికోసమే. మనిషి దగ్గర ఏం దొరికిందనే దానికి ముందు, అతను తెలిసి ఏం చేశాడు, ఎందుకు చేశాడు అని అడగాలి.

దర్జీ విషయమే చూడండి. కోర్టులో తేలింది ఇంతే. ఇద్దరు మనుషులు పగటిపూట వచ్చి గుడ్డ ఇచ్చి, కొలతల చొక్కాలు చూపించి, కుట్టమని చెప్పి, సగం డబ్బులు ఇచ్చిపోయారు. గుడ్డ రంగు చూడగానే అది ఎవరికోసమో అతనికి అర్థమయ్యే ఉంటుంది, నల్లమల అంచున పెరిగినవాడికి తెలియకుండా పోదు. అంటే తెలుసు. మరి ఉద్దేశం? కుట్టనంటే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి చంపిన మనుషుల పేర్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు కూడా చెబుతారు. ఇటు పోలీసుకు చెబితే అటు ప్రాణం పోతుంది, చెప్పకపోతే ఇటు కేసు. నాలుగు చొక్కాలు కుట్టి కూలి తీసుకున్నవాడిని ఆ సంస్థ సభ్యుడనాలా, సహకరించినవాడనాలా, భయపడినవాడనాలా? తెలియడం, ఉద్దేశించడం రెండూ ఒకటే అనుకుంటే నల్లమల అంచు ఊళ్లలో సభ్యుడు కానివాడు మిగలడు. మంచినీళ్లిచ్చిన ముసలామె కూడా సభ్యురాలే.

నల్లగొండ జిల్లావాళ్లకు ఇది కొత్త కాదు. సాయుధ పోరాట కాలంలో దళానికి సద్ది పంపినందుకు ఊళ్లకు ఊళ్లనే క్యాంపుల్లో పెట్టిన కథలు మా అత్తగారి వైపు ముసలివాళ్లు చెప్పేవాళ్లు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండగానే 1952 ఎన్నికలు వచ్చాయి. ఆ పార్టీవాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డిని నల్లగొండ జనం నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీతో లోక్‌సభకు పంపారు. సభ్యత్వమే నేరంగా చూసుంటే ఆ ఎన్నికల్లో సగం జిల్లా ముద్దాయే.

అవతలి వైపు మాట నాకు తెలియంది కాదు. 1993లో సోమశిల దగ్గర మందుపాతర పేల్చి మా మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశినాయుడిని చంపారు. నారాయణపేట సంగతి పైనే రాశాను. మావోయిస్టులు కాకపోయినా, 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసులను కాల్చి చంపి పారిపోయినవాళ్లు మూడు రోజులకు మోత్కూరు దగ్గర జానకీపురంలో ఎదురుకాల్పుల్లో చనిపోయారు. ఆ కాల్పుల్లో గాయపడిన ఎస్ఐ తర్వాత ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. అలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లను బాంబు పేలేదాకా ముట్టుకోకూడదని నేను అనడం లేదు. చంపేవాడికి వెనక డబ్బు తెచ్చేవాడు, ఆయుధం దాచేవాడు, కబురు మోసేవాడు ఉంటాడు. వాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ ఆ పనులన్నిటికీ రుజువు దొరుకుతుంది. డబ్బుకు దారి ఉంటుంది. ఫోనుకు రికార్డు ఉంటుంది. చేతిరాతను నిపుణుడు చూడగలడు. భయపడే సాక్షి మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వొచ్చు. కష్టమైన పనే, నెలలు పడుతుంది. ఎర్ర అట్ట నోట్‌బుక్ చూపించడం తేలిక కాబట్టి ఆ కష్టం పడటం మానేస్తారు. నిజంగా దళంలో తిరిగినవాడు, చొక్కా కుట్టినవాడు ఒకే రకం చార్జిషీటుతో కోర్టుకొస్తే ఇద్దరి కేసూ కొట్టేస్తారు. నష్టం ఎవరికి?

అదే ఏప్రిల్‌లో, జానకీపురం జరిగిన మూడో రోజు, ఆలేరు దగ్గర ఇంకొకటి జరిగింది. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలను పోలీసు వ్యానులోనే కాల్చి చంపారు. సీట్లకు బేడీలతో కట్టేసి ఉన్న శవాల ఫొటోలు అందరం చూశాం. వాళ్లు ఉగ్రవాద సంస్థ సభ్యులా కాదా అని తేల్చాల్సిన కేసు అప్పటికి కోర్టులో నడుస్తోంది. ఇక ఎప్పటికీ తేలదు. వాళ్లు పోలీసులను చంపినవాళ్లే అయితే వాళ్ల చేతిలో చనిపోయినవాళ్ల ఇళ్లకు కూడా ఆ తీర్పు దక్కలేదు.

రుజువు అనే మాట చివర్లో వస్తుంది, శిక్ష ముందే మొదలవుతుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టే భాగం ఇదే. 2008లో ఉపాలో చేర్చిన 43డి సెక్షన్ ప్రకారం ఇరవై, ముప్పై ఎనిమిది లాంటి సెక్షన్ల కింద ఉన్నవాడికి, ఆరోపణ పైకి చూడగానే నిజమని నమ్మే కారణాలు కేసు డైరీలో ఉంటే బెయిల్ ఇవ్వకూడదు. చార్జిషీటు వేయడానికే 180 రోజుల దాకా గడువు అడగొచ్చు. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు బెయిల్ దశలో సాక్ష్యాన్ని లోతుగా తూచొద్దంది. అంటే నా సంతకం ఉన్న ఆ పంచనామా నిజమా అబద్ధమా అని బెయిల్ రోజున ఎవరూ అడగరు. విచారణలో నన్ను బోనెక్కించే రోజుదాకా అది నిజమే. 2021లో నజీబ్ కేసులో మరీ ఏళ్లు గడిస్తే పెద్ద కోర్టులు బెయిల్ ఇవ్వొచ్చన్నారు, అది కొంత ఊరట. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా సంగతి అందరికీ తెలుసు. 2014లో అరెస్టు, 2017లో యావజ్జీవం, 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అంది, అక్టోబరులో హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. ఇంటర్నెట్‌లో మావోయిస్టు సాహిత్యం దొరుకుతుంది, దాన్ని దింపుకున్నంత మాత్రాన నేరం కాదని ఆ తీర్పులో ఉంది. ఆ ఒక్క వాక్యం రావడానికి పదేళ్లు పట్టింది. అదే కేసులో పాండు నరోటే అనే ఆదివాసీ 2022లో ఖైదీగా ఉండగానే చనిపోయాడు. తనపై కేసు కొట్టేశారని అతనికి తెలియనే తెలియదు.

మన తెలంగాణలోనే ఉపా కింద పెట్టిన తాడ్వాయి ఎఫ్ఐఆర్ ఉంది. 2022 ఆగస్టులో ములుగు జిల్లాలో నమోదు చేసి, 2023 జూన్‌లో బయటపడింది. అందులో 152 మంది పేర్లు. పాలమూరు బిడ్డ, మొగిలిగిద్ద ప్రొఫెసర్ హరగోపాల్ పేరు కూడా ఉంది. 2020లోనే చనిపోయిన బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి హెచ్. సురేశ్ పేరూ ఉంది. గొడవ పెద్దదయ్యాక ప్రభుత్వం హరగోపాల్ మీద కేసు ఎత్తేయమంది. కాగితంలో కనబడిన పేరును నేరస్థుల జాబితాలోకి ఎక్కిస్తే జరిగేది ఇదే. హరగోపాల్‌కు ముఖ్యమంత్రి పలుకుతాడు. దర్జీకి ఎవరు పలుకుతారు?

38వ సెక్షన్‌లో మినహాయింపు ఒకటుంది, అది చదివి కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. సంస్థను జాబితాలో చేర్చకముందు చేరి, చేర్చాక దాని పనుల్లో పాల్గొనకపోతే నేరం వర్తించదు. మంచిదే. కానీ ఆ సంగతి ముద్దాయే రుజువు చేసుకోవాలి. సీపీఐ మావోయిస్టును ఆ జాబితాలో చేర్చింది 2009 జూన్‌లో. అంతకుముందే వదిలేసి వచ్చి వ్యవసాయం చేసుకుంటున్నవాడు, వదిలేశానని దేనితో చూపిస్తాడు? రాజీనామా లేఖ రాసి రసీదు తెచ్చుకున్నవాడెవడూ ఉండడు. మా వైపు ఒకటే కాగితం చెల్లుతుంది, లొంగుబాటు కాగితం. ఎస్పీ ముందు నిలబడి ఫొటో దిగనివాడు ఇరవై ఏళ్లు చేను దున్నినా మాజీ కాలేడు.

2009లో నన్ను మహబూబ్‌నగర్‌లో బోనెక్కించారు. ముద్దాయి తరపు లాయరు వయసు మళ్లిన మనిషి, గొంతు పెద్దగా ఎత్తడు. "ఆ నోట్‌బుక్‌లో ఏం రాసి ఉంది?" అన్నాడు. తెలియదన్నాను. "అడవి దారికి మీరు వెళ్లారా?" వెళ్లలేదన్నాను. "సంతకం ఎక్కడ పెట్టారు?" స్టేషన్ వరండాలో అన్నాను. పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి నన్ను హోస్టైల్‌గా, అంటే ఎదురుతిరిగిన సాక్షిగా, ప్రకటించాలని కోరాడు. నోట్‌బుక్ తెప్పించి జడ్జి గారు తెరిచి చూశారు. అందులో ఉన్నవి కొలతలు. ఛాతీ, భుజం, చెయ్యి పొడవు, పక్కన ఊరివాళ్ల పేర్లు, ఎవరు ఎంత బాకీ. చివరి పేజీల్లో కూతురు రాసుకున్న ఎక్కాలు. నాలుగేళ్లుగా ఆ పుస్తకం విప్లవ సాహిత్యం కింద నా చీటీ అంటించుకుని సీలుతో కోర్టు మాల్‌ఖానాలో ఉంది. పోలీసులు తెరవలేదు, నేను తెరవలేదు.

2024 జూలై నుంచి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను, జప్తును వీడియో తీయాలంటోంది. నేను దీన్ని మనసారా స్వాగతిస్తున్నాను. ఆ రోజు వరండాలో ఒక కెమెరా ఉంటే మెడలోని టేపు కనబడేది. కానీ వీడియో ఎప్పుడు మొదలుపెట్టారో, ఎవరు ఆపారో కూడా అడగాలి. పంచుగా పిలిస్తే వెళ్లే నా తమ్ముళ్లు, చెల్లెళ్లు, పంచాయతీ సెక్రటరీలు, టీచర్లు, దయచేసి జప్తు చేసిన పుస్తకం తెరిచి చూడండి. ఎక్కడ కూర్చుని సంతకం పెడుతున్నారో అదే చోటు కాగితంలో ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టకండి. పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, తెలిసే అడుగుతున్నాను.

పోయిన ఏడాది అచ్చంపేట బస్టాండులో అతను నన్ను గుర్తుపట్టాడు. నేనే పట్టలేదు. మిషన్ మానేశాడట, కళ్లు కనబడక. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, లోపల తీర్పు కాపీ, ఇంగ్లీషులో. పెద్ద మనుషులు అటు వస్తున్నారంటే చాలు, ఇప్పటికీ స్టేషన్‌కు పిలుస్తారని, పోయేటప్పుడు అది పట్టుకుపోతానని చెప్పాడు.

"సార్, మీరు చదువుకున్నోళ్లు గదా. నేను అందుల లేనని ఎక్కడ రాసిన్రో జెర సూపియ్యుండ్రి" అన్నాడు.

చివరి పేజీ తీశాను. ప్రాసిక్యూషన్ నేరాన్ని సందేహాతీతంగా రుజువు చేయలేకపోయింది కాబట్టి ముద్దాయిని విడుదల చేస్తున్నామని ఉంది. తెలుగులో చెప్పాను. అతను కాసేపు ఆ పేజీ వంక చూశాడు.

"అంటే లేనని రాయలే."

శ్రీశైలం బస్సు వచ్చింది. కాపీ మళ్లీ కవర్లో పెట్టి, కవరు సంచిలో పెట్టి, నాకు దండం పెట్టి ఎక్కాడు.